సి భాషలో పాయింటర్లు, రకమార్పిడి: నేల తేమ నమోదు ఉదాహరణగా ఒక ప్రారంభ పాఠం

సారాంశం

సాగునీటి నియంత్రణ, వాతావరణ నమోదు, క్షేత్ర ప్రయోగాల దత్తాంశ సేకరణ వంటి పనులలో మైక్రోకంట్రోలర్ల వినియోగం పెరుగుతున్నందున వ్యవసాయ విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు సి భాషా పరిచయం అవసరమవుతున్నది. ఈ భాషను కొత్తగా నేర్చుకునేవారిని అధికంగా తికమకపెట్టే అంశాలు పాయింటర్లు, రకమార్పిడి. మెమరీలోని బైట్లకు వాటి రకమే అర్థాన్నిస్తుందనే ఒక్క సూత్రం నుండి ఈ రెండింటినీ వివరించవచ్చు. రకమార్పిడిలో విలువను మార్చేది ఒకటి, చదివే తీరును మార్చేది మరొకటి ఉన్నాయి. వీటి మధ్య భేదం గుర్తించకపోతే సెన్సార్ సరిగా పనిచేస్తున్నా పంపు ఆగవలసిన చోట ఆగదు. ఈ వ్యాసం ఆ భేదాన్ని సంఖ్యాపరమైన ఉదాహరణలతో వివరిస్తుంది.

ముఖ్య పదాలు: పాయింటర్, చిరునామా, దత్తాంశ రకం, రకమార్పిడి, పూర్ణాంక పరిమితి, నేల తేమ సెన్సార్

పరిచయం

బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో సి భాషను రూపొందించారు. బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి ఆయన వ్రాసిన పాఠ్యగ్రంథం 1978లో వెలువడింది. 1989లో ఈ భాషకు అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడింది. గణాంక విశ్లేషణకు వ్యవసాయ పరిశోధకులు విరివిగా వాడే ఆర్ వ్యవస్థ అంతర్భాగంలో అధిక భాగం, పైథాన్ భాషకు ప్రామాణికమైన ఇంటర్‌ప్రెటర్ సి భాషలోనే వ్రాయబడ్డాయి. పొలంలో పెట్టే చిన్న నియంత్రణ బోర్డుల ప్రోగ్రాములు కూడా సి లేదా దాని నుండి వచ్చిన సి ప్లస్ ప్లస్ భాషలో ఉంటాయి.

ఈ పాఠంలో ఉదాహరణగా తీసుకున్నది ఆర్డుయినో ఊనో బోర్డు. దీనిలోని ప్రాసెసర్‌కు చరరాశులు నిలువ ఉండే మెమరీ 2,048 బైట్లు మాత్రమే. ఇందులో ‘ఇంట్’ రకం పూర్ణాంకానికి 2 బైట్లు, ‘లాంగ్’ రకానికి 4 బైట్లు, దశాంశ సంఖ్యలకు వాడే ‘ఫ్లోట్’ రకానికి 4 బైట్లు కేటాయించబడతాయి. సాధారణ కంప్యూటర్‌లో ‘ఇంట్’ పరిమాణం 4 బైట్లు ఉండటం పరిపాటి. అందువల్ల కంప్యూటర్‌లో సరైన ఫలితమిచ్చిన ప్రోగ్రామే బోర్డులో తప్పు ఫలితమివ్వవచ్చు. వ్యాసంలోని ఆదేశాలు చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి. ప్రోగ్రాములో వాటిని ఆంగ్ల అక్షరాలలోనే టైపు చేయాలి.

మెమరీ, చిరునామా, రకం

మెమరీని వరుసగా నంబర్లు వేసిన గదులుగా భావించవచ్చు. ప్రతి గదిలో ఒక బైట్ పడుతుంది. గది నంబరే దాని చిరునామా. ‘ఇంట్ తేమ = 512;’ అని వ్రాసినప్పుడు కంపైలర్ రెండు పక్కపక్క గదులను ఎంచి, వాటికి ‘తేమ’ అనే పేరు పెట్టి, వాటిలో 512ను ఉంచుతుంది. ఆ గదులలో నిజానికి ఉండేవి సున్నాలు, ఒకట్లు మాత్రమే. అవి పూర్ణాంకమా, దశాంశ సంఖ్యా, అక్షరమా అన్నది గదిలో ఎక్కడా వ్రాసి ఉండదు. ఆ సంగతి చరరాశి రకం ద్వారా కంపైలర్‌కు తెలుస్తుంది.

భూమి కొలతలలో ఇటువంటి స్థితి అందరికీ పరిచితమే. ఒక కాగితంపై విస్తీర్ణం 40 అని మాత్రమే ఉన్నదనుకుందాం. దానిని గుంటలుగా చదివితే ఒక ఎకరం. సెంట్లుగా చదివితే ఎకరంలో నలభై శాతమే. అంకె మారలేదు, చదివిన కొలమానం మారింది. అదే 40 గుంటలను లెక్కకట్టి 100 సెంట్లుగా వ్రాస్తే అంకె మారింది, భూమి మారలేదు. ఈ రెండు చర్యలూ వేరువేరు. ఈ వ్యాసంలో మున్ముందు వచ్చే రెండు రకాల మార్పిడికీ ఈ పోలికే ఆధారం.

పాయింటర్ అంటే ఏమిటి

ఒక చరరాశి చిరునామాను విలువగా దాచుకునే మరొక చరరాశే పాయింటర్. ‘ఇంట్ *పా;’ అన్న ప్రకటన వల్ల ‘పా’ అనేది పూర్ణాంకం ఉన్న చోటును చూపే పాయింటర్ అవుతుంది. ‘పా = &తేమ;’ అన్నప్పుడు & గుర్తు ‘తేమ’ చిరునామాను ఇస్తుంది. ఆ తరువాత ‘*పా’ అంటే ఆ చిరునామాలో ఉన్న విలువ. ‘తేమ’ 500వ గదిలో మొదలైతే, ‘పా’ విలువ 500, ‘*పా’ విలువ 512.

పాయింటర్‌ను సర్వే నంబరుతో పోల్చవచ్చు. సర్వే నంబరు చేతిలో ఉన్నంత మాత్రాన పొలం చేతిలో ఉన్నట్లు కాదు, పొలానికి చేరే దారి ఉన్నట్లు. అయితే ఈ పోలికకు ఒక సవరణ అవసరం. పాయింటర్ చిరునామాతో పాటు రకాన్ని కూడా కలిగి ఉంటుంది. ఆ చోట ఎన్ని బైట్లు చదవాలో, వాటిని ఏ రకంగా అర్థం చేసుకోవాలో రకమే నిర్ణయిస్తుంది.

ప్రకటనలో వచ్చే * గుర్తుకు, వాడకంలో వచ్చే * గుర్తుకు తేడా ఉన్నది. మొదటిది ‘ఇది పాయింటర్’ అని తెలుపుతుంది. రెండవది ‘అది చూపే చోటుకు వెళ్ళు’ అని ఆదేశిస్తుంది. ప్రారంభంలో విద్యార్థులు తడబడేది ఎక్కువగా ఇక్కడే. చిరునామా ఇవ్వకుండానే ‘*పా’లో విలువ వ్రాయడం మరొక సాధారణ దోషం. అప్పుడు పాయింటర్ ఎక్కడిని చూపుతున్నదో ఎవరూ చెప్పలేరు. చూపవలసిన చోటు ఇంకా నిర్ణయం కానప్పుడు పాయింటర్‌కు ‘నల్’ విలువ ఇచ్చి, వాడే ముందు దానిని పరీక్షించడం మంచి అలవాటు.

నకలు, అసలు

పాయింటర్ల అవసరం ఫంక్షన్లలో స్పష్టంగా తెలుస్తుంది. సి భాషలో ఫంక్షన్‌కు చరరాశిని అందించినప్పుడు దాని విలువ నకలు మాత్రమే చేరుతుంది. ఫంక్షన్ ఆ నకలును ఎంత మార్చినా అసలు మారదు. అడంగల్ లేదా పహాణీ నకలుపై కలంతో దిద్దినంత మాత్రాన కార్యాలయంలోని రికార్డు మారదు కదా. అసలు రికార్డు మారాలంటే అది ఉన్న చోటికే వెళ్ళాలి. ‘సవరించు(తేమ)’ అని పిలిస్తే నకలు వెళుతుంది. ‘సవరించు(&తేమ)’ అని పిలిస్తే చిరునామా వెళుతుంది, ఫంక్షన్ ఆ చిరునామాలోని అసలు విలువను మార్చగలుగుతుంది. కీబోర్డు నుండి సంఖ్యను చదివే ‘స్కాన్‌ఎఫ్’ ఫంక్షన్‌కు చరరాశి ముందు & గుర్తు చేర్చవలసి రావడానికి కారణం ఇదే. విద్యార్థులు కారణం తెలియక కంఠస్థం చేసే ఆ గుర్తు నిజానికి పాయింటర్ల మొదటి పాఠం.

ప్రయోగ మడులు, పాయింటర్ కూడిక

నాలుగు చికిత్సలు, మూడు పునరావృతాలు గల క్షేత్ర ప్రయోగంలో 12 మడులు ఉంటాయి. వాటి దిగుబడులను ‘ఇంట్ దిగుబడి[12];’ అనే వరుసలో ఉంచవచ్చు. సి భాషలో లెక్క సున్నా నుండి మొదలవుతుంది. కాబట్టి మొదటి మడి దిగుబడి[0], చివరి మడి దిగుబడి[11].

‘పా’ మొదటి మడిని చూపుతూ ఉండగా ‘పా + 1’ అంటే రెండవ మడి. మొదటి మడి చిరునామా 500 అయితే ‘పా + 1’ విలువ 501 కాదు, 502. ఒక్కొక్క ‘ఇంట్’ రెండు బైట్లు ఆక్రమించడమే ఇందుకు కారణం. ఒక మడి ముందుకు వెళ్ళమంటే ఒక మీటరు ముందుకు వెళ్ళమని కాదు, మడి వెడల్పు ఎంత ఉంటే అంత దూరం వెళ్ళమని అర్థం. మడి వెడల్పు ఎంతో పాయింటర్ రకం చెబుతుంది. అదే వరుసలో ‘లాంగ్’ సంఖ్యలు ఉంటే తరువాతి చిరునామా 504 అవుతుంది. పాయింటర్‌కు రకం ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు ఇది రెండవ సమాధానం.

గట్టు దాటినప్పుడు ఏమవుతుందో కూడా ఇక్కడే బోధించాలి. దిగుబడి[12] అనే మడి లేదు. అయినా ఆ పేరుతో విలువ వ్రాస్తే, ఊనో బోర్డులో అడ్డుకునే యంత్రాంగం ఏదీ లేదు. వరుసకు ఆనుకుని పంపు ఆపవలసిన తేమ హద్దు నిలువ ఉంటే, దిగుబడి అంకె వెళ్ళి దాని స్థానంలో కూర్చుంటుంది. ప్రోగ్రాము ఆగదు, దోష సందేశం రాదు. దోషం జరిగిన చోట ఏ జాడా ఉండదు, ఫలితం మరెక్కడో బయటపడుతుంది.

మొదటి విధం: విలువను మార్చే రకమార్పిడి

రకం పేరును కుండలీకరణాలలో ఉంచి విలువ ముందు వ్రాస్తే అది రకమార్పిడి. ‘(ఇంట్)25.9’ అంటే 25. ఇక్కడ సంఖ్య దగ్గరి పూర్ణాంకానికి సవరించబడదు, దశాంశ భాగం తొలగించబడుతుంది. ఇది గుంటలను సెంట్లుగా లెక్కకట్టడం వంటి చర్య. పాత విలువను ఆధారం చేసుకుని కొత్త రకంలో కొత్త విలువ తయారవుతుంది. అసలు చరరాశి యథాతథంగా ఉంటుంది.

ఈ మార్పిడి ఏ క్షణంలో జరుగుతుందన్నది కీలకం. ఊనో బోర్డులోని కొలత విభాగం సెన్సార్ వోల్టేజీని 0 నుండి 1023 వరకు గల సంఖ్యగా ఇస్తుంది. రీడింగు 512 అయినప్పుడు దానిని 1023తో భాగిస్తే రెండూ పూర్ణాంకాలు కాబట్టి ఫలితం 0. ‘(ఫ్లోట్)(512 / 1023)’ అని వ్రాసినా 0.0 మాత్రమే వస్తుంది. పోయిన భాగం పోయిన తరువాత రకం మార్చినందున ప్రయోజనం లేదు. ‘(ఫ్లోట్)512 / 1023’ అన్నప్పుడు మాత్రం భాగహారానికి ముందే మార్పిడి జరిగి 0.5005 వస్తుంది.

ఇంతకంటె ప్రమాదకరమైన దోషం పూర్ణాంక పరిమితి దాటడం. తేమ పెరిగేకొద్దీ రీడింగు పెరిగే సెన్సార్‌ను తీసుకుని, రీడింగును శాతంగా మార్చడానికి ‘శాతం = రీడింగు * 100 / 1023;’ అని వ్రాశారనుకుందాం. శాతం 40 దాటగానే పంపు ఆగాలని నియమం. రెండు బైట్ల ‘ఇంట్’ రకంలో పట్టే గరిష్ఠ విలువ 32,767. రీడింగు 327 వరకు గుణకారం 32,700 దాటదు. రీడింగు 328 కాగానే 32,800 రావాలి, కానీ అది ‘ఇంట్’లో పట్టదు. పరిమితి దాటిన గుణకారానికి ఏ ఫలితం రావాలో భాషా ప్రమాణం నిర్దేశించలేదు. ఇటువంటి బోర్డులలో సాధారణంగా 65,536 తగ్గి ఋణ సంఖ్య కనిపిస్తుంది. అప్పుడు ఫలితాలు ఈ విధంగా ఉంటాయి.

రీడింగు 200: రావలసినది 19, వచ్చేది 19
రీడింగు 327: రావలసినది 31, వచ్చేది 31
రీడింగు 328: రావలసినది 32, వచ్చేది −32
రీడింగు 512: రావలసినది 50, వచ్చేది −14
రీడింగు 700: రావలసినది 68, వచ్చేది 4
రీడింగు 983: రావలసినది 96, వచ్చేది 32
రీడింగు 1023: రావలసినది 100, వచ్చేది −28

ఈ పట్టికలో గమనించవలసినది ఋణ సంఖ్యలను మాత్రమే కాదు. 32,767ను 1023తో భాగిస్తే పూర్ణాంక ఫలితం 32. కాబట్టి రీడింగు ఏదైనప్పటికీ ఈ సూత్రం ఇచ్చే శాతం 32 దాటదు. 40 దగ్గర ఆగవలసిన పంపు ఎప్పటికీ ఆగదు. పొడి మట్టిలో పరీక్షించినప్పుడు ప్రోగ్రాము నిర్దోషంగా కనిపిస్తుంది. పొలం తడిసి రీడింగు 328 చేరగానే అది మరింత పొడిగా ఉన్నదని చెప్పడం మొదలవుతుంది. నీరు ఇంకడం నెమ్మదిగా ఉండే నల్లరేగడి నేలలో కంది, పత్తి వంటి పైర్ల వేళ్ళకు గాలి అందకపోవడం దీని పర్యవసానం. దోషాన్ని వెతికేవారు తొలుత సెన్సార్‌నో, తీగలనో అనుమానిస్తారు.

దిద్దుబాటు చిన్నదే. ‘శాతం = (లాంగ్)రీడింగు * 100 / 1023;’ అని వ్రాస్తే మార్పిడి మొదట రీడింగుకు వర్తిస్తుంది. దానితో గుణకారం నాలుగు బైట్లలో జరిగి 512కు 50 వస్తుంది. ‘(లాంగ్)(రీడింగు * 100) / 1023’ అంటే మాత్రం గుణకారం ముందే చెడిపోయి ఉంటుంది. పంట కోసిన తరువాత ఎరువు వేసినట్లే అది. రీడింగు ఎంత ఉంటుందో కంపైలర్‌కు ముందుగా తెలియదు కాబట్టి ఇటువంటి చోట హెచ్చరిక కూడా రాకపోవచ్చు. అన్నట్లు, ఈ శాతం రీడింగు పరిధిలో శాతమే తప్ప నేల తేమ శాతం కాదు. మట్టి నమూనాలను 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఓవెన్‌లో ఆరబెట్టి కనుగొన్న తేమతో సరిపోల్చిన తరువాతనే దానికి వ్యవసాయపరమైన అర్థం వస్తుంది.

పరిమితి దాటిన మార్పిడి ఎంత నష్టం కలిగించగలదో 1996 జూన్ 4న జరిగిన ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగం లోకానికి చూపింది. 64 బిట్ల దశాంశ సంఖ్య ఒకటి 16 బిట్ల పూర్ణాంకంగా మారబోయి, అందులో పట్టలేదు. ప్రయోగించిన సుమారు 40 సెకన్లలోపే రాకెట్ దారి తప్పి ధ్వంసమైంది. ఆ ప్రోగ్రాము భాగం ఏరియాన్ 4 నుండి తెచ్చుకున్నది. పాత రాకెట్ వేగాలకు సరిపోయిన పరిమితి కొత్త దానికి సరిపోలేదు. అది అడా భాషలో వ్రాసిన ప్రోగ్రాము అయినప్పటికీ పాఠం సి భాషకూ వర్తిస్తుంది. ఒకచోట సరిపోయిన ప్రోగ్రామును మరొక బోర్డుకో, మరొక నేలకో తరలించే ముందు దాని సంఖ్యల పరిమితులను తిరిగి చూడాలి.

రెండవ విధం: చదివే తీరును మార్చే రకమార్పిడి

పాయింటర్‌కు రకమార్పిడి చేసినప్పుడు మెమరీలోని బైట్లు మారవు, చదివే తీరు మాత్రమే మారుతుంది. ఇది 40 గుంటలను 40 సెంట్లుగా చదవడం వంటిది. ‘ఫ్లోట్ ఉష్ణోగ్రత = 25.5;’ అయినప్పుడు ‘(లాంగ్)ఉష్ణోగ్రత’ అంటే 25. అవే నాలుగు బైట్లను పూర్ణాంకంగా చదివితే 110,38,88,384 వస్తుంది. దశాంశ సంఖ్యలో చిహ్నానికి, ఘాతానికి, భిన్న భాగానికి వేరువేరు బిట్లు కేటాయించబడతాయి. పూర్ణాంకానికి ఆ ఏర్పాటు లేదు. అందువల్ల ఆ సంఖ్యకు ఉష్ణోగ్రతతో పోలికే కనిపించదు. పైగా ఒక రకంగా ప్రకటించిన చరరాశిని సంబంధం లేని మరో రకపు పాయింటర్‌తో చదవడాన్ని భాషా ప్రమాణం అనుమతించదు. బైట్లను ఒక్కొక్కటిగా చూడటానికి చిహ్నం లేని ‘క్యార్’ పాయింటర్‌ను మాత్రం వాడవచ్చు. బైట్లను మరో చరరాశిలోకి తీసుకోవాలంటే ‘మెమ్‌కాపీ’ ఫంక్షన్ సురక్షితం.

డిజిటల్ సెన్సార్ల విషయంలో ఈ జ్ఞానం తప్పనిసరి. నేల ఉష్ణోగ్రతను డిగ్రీలో పదో వంతులుగా రెండు బైట్లలో, పెద్ద బైట్ ముందుగా పంపే సెన్సార్‌ను తీసుకుందాం. 0, 251 అనే బైట్లు వస్తే విలువ 0 × 256 + 251 = 251, అంటే 25.1 డిగ్రీలు. ఊనో బోర్డు మాత్రం రెండు బైట్ల సంఖ్యలో చిన్న బైట్‌ను ముందు ఉంచుతుంది. వచ్చిన బైట్ల చిరునామాను నేరుగా ‘ఇంట్’ పాయింటర్‌గా మార్చి చదివితే 251 × 256 + 0 = 64,256 అనే అమరిక ఏర్పడి, చిహ్నంతో చదివినప్పుడు −1,280 అవుతుంది. నేల ఉష్ణోగ్రత −128 డిగ్రీలని నమోదవుతుంది. కొన్ని ఇతర ప్రాసెసర్లలో సరి చిరునామా కానిచోట అలా చదవబోతే ప్రోగ్రామే ఆగిపోతుంది. పెద్ద బైట్‌ను ముందుగా చిహ్నం లేని 16 బిట్ల రకంలోకి మార్చి, 256తో గుణించి, చిన్న బైట్‌ను కూడటం నమ్మదగిన పద్ధతి. ఇది బోర్డు అమరికపై ఆధారపడదు.

చిహ్నం సంగతి చివర చూడాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి వంటి చోట్ల శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు చేరువగా పడిపోతుంది. −0.5 డిగ్రీలకు సెన్సార్ పంపే బైట్లు 255, 251. వీటిని కూర్చితే 65,531. చిహ్నం లేని సంఖ్యగానే ఉంచితే 6,553.1 డిగ్రీలని నమోదవుతుంది. చిహ్నం గల 16 బిట్ల రకంలోకి మార్చితే, వాడుకలో ఉన్న కంపైలర్లన్నీ −5గా, అంటే −0.5 డిగ్రీలుగా చూపుతాయి. మంచు హెచ్చరిక ఇవ్వవలసిన ఒకే ఒక్క రాత్రి ప్రోగ్రాము విఫలం కాకుండా ఉండటానికి ఈ ఒక్క మార్పిడి కావాలి.

రకంలేని పాయింటర్

‘వాయిడ్’ పాయింటర్ చిరునామాను మాత్రమే కలిగి ఉంటుంది, రకం ఉండదు. అందువల్ల దానిని నేరుగా ‘*’ గుర్తుతో చదవలేము. అవసరమైనంత మెమరీని కోరే ‘మాలాక్’ ఫంక్షన్ ఇటువంటి పాయింటర్‌నే తిరిగి ఇస్తుంది. సి భాషలో దానిని వేరే పాయింటర్‌కు కేటాయించేటప్పుడు రకమార్పిడి వ్రాయనవసరం లేదు. సి ప్లస్ ప్లస్‌లో వ్రాయక తప్పదు. ఆర్డుయినో ప్రోగ్రాములు సి ప్లస్ ప్లస్‌గా కంపైల్ అవుతాయి కాబట్టి రెండు పుస్తకాలలో రెండు తీరులు కనిపించినప్పుడు విద్యార్థులు కలవరపడనక్కరలేదు. మెమరీ దొరకనప్పుడు ‘మాలాక్’ నల్ పాయింటర్‌ను ఇస్తుంది. 2,048 బైట్ల బోర్డులో ఆ పరీక్షను విడిచిపెట్టరాదు.

బోధనకు సూచనలు

పాయింటర్లను బోధించేటప్పుడు గుర్తుల కంటె ముందు బొమ్మ రావాలి. బోర్డుపై గదులు గీసి, చిరునామాలు వేసి, ప్రతి ఆదేశం తరువాత ఏ గదిలో ఏమున్నదో విద్యార్థుల చేతనే వ్రాయించాలి. రకమార్పిడి ఎదురైన ప్రతిచోటా మూడు ప్రశ్నలు అడిగించాలి: విలువ మారుతున్నదా, చదివే తీరు మారుతున్నదా? మార్పిడి లెక్కకు ముందు జరుగుతున్నదా, తరువాతనా? కొత్త రకంలో ఆ విలువ పడుతుందా?

కంపైలర్ హెచ్చరికలను పూర్తి స్థాయిలో ఉంచి పనిచేయించాలి. హెచ్చరికను తొలగించడానికే రకమార్పిడి వ్రాసే అలవాటును మొదట్లోనే మాన్పించాలి. రకమార్పిడి వ్రాయడమంటే ఆ చోట బాధ్యతను కంపైలర్ నుండి తీసుకుని ప్రోగ్రామరు తలకెత్తుకోవడం. పరీక్షలు సగటు విలువలతో కాక హద్దు విలువలతో జరగాలి. పై ఉదాహరణలో 0, 327, 328, 1023 అనే నాలుగు రీడింగులతో పరీక్షించి ఉంటే దోషం ప్రయోగశాలలోనే బయటపడేది. పరిమాణం పేరులోనే తెలిసే 16 బిట్ల, 32 బిట్ల పూర్ణాంక రకాలు 1999 ప్రమాణం నుండి సి భాషలో ఉన్నాయి. బోర్డు మారే అవకాశం ఉన్నచోట వాటిని వాడటం మేలు.

ముగింపు

పాయింటర్ ఒక చోటును చూపుతుంది, ఆ చోట ఉన్నదానిని ఎలా చదవాలో రకం చెబుతుంది. విలువకు చేసే రకమార్పిడి కొత్త విలువను తయారుచేస్తుంది, పాయింటర్‌కు చేసేది పాత బైట్లనే కొత్తగా చదివిస్తుంది. ఈ రెండు వాక్యాలు స్థిరపడితే మిగిలిన నియమాలు వాటి నుండే అర్థమవుతాయి. రైతు పొలంలో పెట్టే పరికరం చూపే అంకెను రైతు సరిచూసుకోలేడు. శాస్త్రవేత్త సిఫారసు చేసినందున దానిని నమ్ముతాడు. అందువల్ల ఆ అంకె ఏ గదుల నుండి, ఏ రకంగా, ఏ హద్దుల మధ్య వచ్చిందో తెలుసుకుని ఉండటం సిఫారసు చేసేవారి బాధ్యత అవుతుంది.